మూడో గుంజ

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. అలికిన చెయ్యి మంచిదే కావచ్చు, అలికించిన మనసు అంతకన్నా మంచిదే కావచ్చు. కానీ ఎవరి ఇల్లు అలుకుతున్నామో చూసుకోవద్దూ? ఈ ఒక్క ముక్క చీపురు సార్‌కి ముందే ఎవరైనా చెప్పి ఉంటే అసలు ఈ కథే లేదు.

చీపురు సార్ మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా జీవితమంతా వీధులు ఊడిపించిన మనిషి. రిటైరయ్యాడు గానీ ఆ జబ్బు మాత్రం రిటైర్ కాలేదు. పెళ్లికి వెళితే పెళ్లికూతుర్ని చూడడు, కుర్చీల కింద పడ్డ కాగితం కప్పులు చూస్తాడు. ఆసుపత్రిలో చుట్టాన్ని పలకరించడానికి వెళ్లి మంచం కింద దుమ్ము గురించి నర్సుతో తగువు పెట్టుకున్నాడు. మనిషి మాత్రం వెన్న. ఆయన భార్యను ఊరంతా కొంగల టీచరమ్మ అంటారు. హైస్కూల్లో సైన్సు చెప్పి దిగిపోయింది. ఆవిడ ప్రాణాలన్నీ ఊరి చివరి మడుగులో ఉంటాయి. ఒకరికి శుభ్రం పిచ్చి, ఇంకొకరికి బురద పిచ్చి, కాపురం ఎలా సాగిందమ్మా అని ఎవరైనా అడిగితే, "ఆయన ఇంట్లో, నేను మడుగులో. అందుకే సాగింది" అనేది.

ఆ మడుగు ఒక ఆసామిది. చుట్టూ గోడౌన్లు లేస్తున్నాయి. ఇంకో గోడౌన్ కోసం దాన్ని మట్టితో పూడ్చేస్తానని ఒక కాంట్రాక్టరు అడ్వాన్సు చేత్తో పట్టుకుని ఆసామి గుమ్మంలో కూర్చున్నాడు. టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడు కాబట్టి ఆసామి మొహమాటపడి, ఈ నెలాఖరులోగా మీ సంఘం కొనుక్కుంటే మీకే ఇస్తానన్నాడు. సంఘమంటే ఎవరు? పెన్షన్లు మందులకే చాలని నలుగురు ముసలివాళ్లు. అందుకని టీచరమ్మ మూడేళ్లుగా ఫౌండేషన్ల చుట్టూ తిరుగుతోంది. అవి ఆమె చేత మూడు చెరువుల నీళ్లు తాగించాయి. ఒకళ్లు పులులుంటే చెప్పండి, కొంగలకు మా దగ్గర పథకం లేదన్నారు. ఇంకొకళ్లు మీ పనిలో కొత్తదనం ఏముందని అడిగారు. కొంగ కొత్తగా ఏం చేస్తుంది నాయనా, అది పుట్టినప్పట్నుంచీ ఒంటికాలి మీదే నిలబడుతోంది కదా!

చివరికి ఒక సబ్బుల కంపెనీ వాళ్ల ఫౌండేషన్ పలికింది. ఆ సబ్బు పేరు నేను చెప్పను, మీ స్నానాలగదిలో ఉండే ఉంటుంది. పెద్దాయన పేరు మీద కుటుంబం పెట్టిన ఫౌండేషన్ అది. చూసుకునేది పెద్ద కోడలు. ఆవిడ స్వయంగా వచ్చి మడుగు చూసి, నచ్చితే గ్రాంటు ఇస్తుంది. నచ్చకపోతే గోడౌనే.

సబ్బుల కోడలు వచ్చే రోజుకు ముందు టీచరమ్మ నగరంలో ఆసామి ఇంటి దగ్గర ఉంది. నెలాఖరు మాట మీద నిలబెడదామని వెళ్లి రెండు రోజులు ఇరుక్కుపోయింది. మొగుడు ఫోన్ చేశాడు.

"ఏమోయ్, నువ్వేం కంగారు పడకు. ఇక్కడంతా నేను చూసుకుంటున్నాగా. నువ్వొచ్చేసరికి చూడు!"

ఆ మాటకు ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఈ మనిషి మడుగు మాట తనంతట తాను ఎత్తడం ఇదే మొదలు. ఎత్తి ఏం చేస్తున్నాడని అడగాల్సింది. అడగలేదు.

తిరుగు ప్రయాణం సబ్బుల కోడలి కార్లోనే అయింది. ఆవిడ నలభై అయిదేళ్ల మనిషి, తెల్లటి బట్టలు, మడత నలగని తీరు. మాట కూడా అలాగే, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

"అక్కడ ముఖ్యంగా చూడాల్సింది ఏంటండీ?" అని అడిగింది.

"ఎండు మాను" అంది టీచరమ్మ. "నీళ్ల మధ్యలో ఉంటుంది. ఎప్పుడో చచ్చిపోయిన చెట్టు, ఒక్క ఆకు లేదు. పొద్దు వాలేసరికి కొంగలన్నీ ఎక్కడెక్కడినుంచో వచ్చి దానిమీదే పడుకుంటాయి. కొమ్మ కనపడదు మేడమ్, అంతా తెలుపే. చుట్టూ జమ్ము గడ్డి, బురద. మీ చెప్పులు పాడవుతాయి, ముందే చెబుతున్నా."

"చూద్దాం" అందావిడ, తన చెప్పుల వంక ఒకసారి చూసుకుని.

కారు మలుపు తిరిగింది. టీచరమ్మ వేలెత్తి చూపించబోయింది. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండిపోయింది.

మాను లేదు.

మాను ఒక్కటే కాదు. ఇటువైపు ఒడ్డున జమ్ము అంతా క్షవరం చేసినట్టు నేలమట్టం అయింది. నాచు ఎత్తేశారు. నీళ్లు పళ్లెంలా మెరుస్తున్నాయి. ఒడ్డు పొడుగునా రాళ్లు పేర్చి సున్నం కొట్టారు. కుర్చీలు, నాలుగు వెదురు గుంజల మీద చారల షామియానా. దాని ముందు తెల్ల చొక్కా, పెళ్లికొడుకు నవ్వు పెట్టుకుని చీపురు సార్. పక్కన ఆయన పాత పటాలం, రిటైరైన మున్సిపాలిటీ మనుషులు, రెండు రోజుల కష్టంతో నడుములు పట్టుకుని నిలబడ్డారు.

టీచరమ్మ ఎత్తిన వేలు దించి, కారు తలుపు తీసుకుని దిగింది.

"అబ్బ!" అంది సబ్బుల కోడలు కారు దిగుతూనే. "ఎంత బావుందండీ! మీరు కార్లో బురదా, చెత్తా అని నన్ను ఊరికే భయపెట్టారు."

"అమ్మగారు వస్తున్నారని తెలిసి కాస్త..." అని సిగ్గుపడ్డాడు చీపురు సార్. "అవతలి ఒడ్డు ఇంకా మిగిలిపోయింది. రెండు రోజులే కదా, చాలలేదు. అటు చూడకండమ్మా."

ఆవిడ అటు చూసింది. అవతల జమ్ము ఎప్పటిలా గుబురుగా, కుళ్లిన ఆకులతో, దోమలతో ఉంది. ముక్కు చిట్లించి ఇటు తిరిగింది. షామియానా కింద కూర్చుని, మంచినీళ్లు తాగి, అక్కడికక్కడే తేల్చేసింది.

"నేను ఇంత తొందరగా దేనికీ ఒప్పుకోను. కానీ ఇది నాకు నచ్చింది. మీరు నేల కొనడానికే అడిగారు. నేను దానికి రెట్టింపు ఇప్పిస్తాను. చుట్టూ కాలిబాట వేయించండి, బెంచీలు వేయించండి, దీపాలు పెట్టించండి. దారి మొదట్లో మా మామగారి పేరుతో ఒక ఆర్చి. ఒకటే షరతు. మడుగు మొత్తం ఈ ఒడ్డులాగే ఉండాలి. ఆరు నెలలకోసారి ఫొటోలు పంపాలి."

పటాలం చప్పట్లు కొట్టింది. చీపురు సార్ పెళ్లాం వంక చూశాడు. జీవితంలో మొదటిసారి భార్య పనికి తాను పనికొచ్చానన్న మురిపెం ఆ మొహంలో. ఆమె ఆ మొహం చూడలేక తల తిప్పుకుంది.

సంఘానికి కోశాధికారి ఆమె మరిదే. బజార్లో పుస్తకాల కొట్టు ఉంది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. అతను వదిన చెవి దగ్గర చేరాడు.

"వదినా, రొట్టె విరిగి నేతిలో పడింది. ఊఁ అనేయ్."

"మాను కొట్టేశారు, చూశావా?"

"చూశాన్లే. ముందు నేల చేతికి రానీ. తర్వాత నీ బురద నువ్వు పోసుకుందువుగాని. ఈ మూల ఒక్కటీ శుభ్రంగా ఉంచి, ఫొటోలు ఇక్కడే తీసి పంపిద్దాం. ఆవిడ మళ్లీ వస్తుందా, చస్తుందా?"

నిజం చెప్పాలంటే టీచరమ్మ ఒక్క క్షణం ఊగింది. ఎందుకు ఊగదు? మూడేళ్లు చెప్పులరిగేలా తిరిగిన మనిషి. ఊఁ అంటే నేల దక్కుతుంది. ఊహూఁ అంటే నెల తిరక్కుండా లారీలు మట్టి తెచ్చి కుమ్మరిస్తాయి. కానీ ఊఁ అంటే తన చేత్తో తానే మడుగును స్నానాలగది చేసినట్టు. అబద్ధం ఆడి నేల తెచ్చుకుంటే ఆరు నెలలకోసారి ఆ అబద్ధానికి మళ్లీ ఫొటో తియ్యాలి. గోడౌనువాడు ఒక్కసారి చంపుతాడు, మనం రోజూ చంపాలి, అంతే తేడా అనుకుంది.

ఆమె లేచి మొగుణ్ని కారు చాటుకు పిలిచింది.

"ఏమండీ, మాను ఏదీ?"

"కొట్టించేశానే. లోపలంతా పుచ్చిపోయింది. ఆవిడ చూస్తుండగా విరిగిపడితే పరువుంటుందా? ఎంత కష్టమైందనుకున్నావు! రంపం విరిగితే ఇంకోటి తెప్పించాం."

"ఎక్కడుంది?"

"కట్టెల అడితివాడు పట్టుకుపోయాడు. ఈపాటికి పొయ్యిలో ఉంటుంది."

ఆమెకు ఒళ్లు మండింది. మండి, అంతలోనే చల్లారి, ఏడుపొచ్చింది. "సాయంత్రం మడుక్కి రమ్మని ఎన్నిసార్లు పిలిచానండీ మిమ్మల్ని? దోమలన్నారు. ఒక్కరోజు... ఒక్కరోజు వచ్చి ఉంటే..."

"వస్తే ఏంటి?"

"చెప్పను. ఇవాళ చూద్దురుగాని."

"నీ కోసమే చేశానే!" అన్నాడాయన, దెబ్బతిన్న గొంతుతో. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ మాటలో అబద్ధం రవ్వంత కూడా లేదు మరి.

టీచరమ్మ కళ్లు తుడుచుకుని తిన్నగా షామియానా కిందకు వెళ్లింది. ముప్పై ఏళ్లు క్లాసు ముందు నిలబడ్డట్టే నిలబడింది.

"మేడమ్, మీ రెట్టింపు మాకొద్దు. ఆర్చి వద్దు. బెంచీలు వద్దు. నేల కొనిపెట్టండి చాలు. మీరు మెచ్చుకున్న ఈ ఒడ్డు ఉందే, ఇది మా తప్పు. మావాళ్లు మీ మీద గౌరవంతో చేసిన తప్పు. మొన్నటిదాకా ఇదీ అవతలి ఒడ్డులాగే ఉండేది. మళ్లీ అలాగే చేస్తాం."

మరిది తల పట్టుకున్నాడు. పటాలం గుడ్లప్పగించి చూసింది. చీపురు సార్ మొహం పాలిపోయింది.

సబ్బుల కోడలు గ్లాసు కింద పెట్టింది. "మూడేళ్లు ఊరూరా అడిగి, ఇస్తానంటే కాదంటున్నారా? అంటే బురద కోసం నేను డబ్బివ్వాలి. సబ్బులమ్మే మా మరుదుల ముందు కూర్చుని, బురదకిచ్చానని చెప్పాలి."

"కావలిస్తే నేనొచ్చి చెబుతాను."

"నేను బయల్దేరతానండి. పొద్దుపోతోంది."

"పొద్దుపోవాలనే అడుగుతున్నా. కాసేపు కూర్చోండి." టీచరమ్మ ఆవిడ కుర్చీ ముందునుంచి కదల్లేదు. "ఇల్లు నచ్చిందన్నారు. ఇంట్లోవాళ్లను చూడకుండా వెళ్తానంటే ఎలా? వాళ్లు పొద్దు వాలాకే వస్తారు. ఈ ఒడ్డు వాళ్లకు కూడా నచ్చిందంటే నేనిక నోరెత్తను. మీ బెంచీలు మీరు వేయించుకోండి, రిబ్బను నేనే పట్టుకుంటా."

"వదినా!" అన్నాడు మరిది, ప్రాణం పోతున్నట్టు.

సబ్బుల కోడలు టీచరమ్మను ఎగాదిగా చూసింది. బహుశా అంత మొండి మనిషి ఆవిడకు ఈ మధ్య తగల్లేదేమో. డ్రైవరుకు ఆగమని చెయ్యి ఊపి వెనక్కి వాలి కూర్చుంది.

అన్నదే గానీ టీచరమ్మకు లోపల భయంగానే ఉంది. మాను లేదని అవి దూరం నుంచే చూసి, మరో ఊరు వెతుక్కుంటూ వెళ్లిపోతే? ఆకాశం ఖాళీగా ఉంటే? అప్పుడు చూపించడానికి ఏముంది తన దగ్గర, ఉత్త మాటలు తప్ప? కొరివితో తల గోక్కున్నానా అని కూడా అనుకుంది. అయినా కూర్చోలేదు. పడమటి దిక్కు చూస్తూ నిలబడింది.

ఎండ ఎర్రబడింది. గోడౌన్ల రేకుల మీదుగా మొదటి కొంగ వచ్చింది. నేరుగా మడుగు మధ్యకు వచ్చి, రోజూ వాలే చోటికి రెక్కలు ముడుస్తూ కాళ్లు చాచింది. కాళ్లకు ఏమీ తగల్లేదు. తడబడి, రెక్కలు కొట్టుకుని పైకి లేచింది. మళ్లీ తిరిగి వచ్చి అదే చోట కాళ్లు చాచింది.

తర్వాత అయిదారు వచ్చాయి. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చాయి. వచ్చినవన్నీ ఆ ఖాళీ చోటు మీదే, ఉన్న చెట్టు చుట్టూ తిరిగినట్టు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. కింద నీళ్లు అద్దంలా శుభ్రంగా మెరుస్తున్నాయి. ఒక్కటీ ఈ ఒడ్డున వాలలేదు. కొన్ని అవతలి జమ్ములోకి దిగబోతే అక్కడ అప్పటికే చేరినవి పొడిచి తరిమాయి. మిగిలినవి అలా తిరుగుతూనే ఉన్నాయి. రెక్కల చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు.

చీపురు సార్ ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

"ఇవన్నీ... ఇవన్నీ దానిమీదేనా?" అన్నాడు.

"దానిమీదే" అంది టీచరమ్మ.

"రోజూనా?"

"మన పెళ్లికి ముందునుంచీ."

కొంగలు మళ్లీ ఒక చుట్టు తిరిగాయి. ఆ చుట్టుతో పాటే ఆయన తల కూడా తిరిగింది. ఉన్నట్టుండి షామియానా దగ్గరకు వెళ్లి, ఓ మూల గుంజకు కట్టిన తాడు విప్పి, గుంజను ఊపి ఊపి పెరికేశాడు. గుడ్డ ఆ మూల కుంగింది. వెదురు భుజాన వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో, కాళ్లకున్న బూట్లతో, తిన్నగా మడుగులోకి దిగాడు.

"ఏయ్, ఏమండీ! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? రండి పైకి!"

"కాలింది నా చేతులు కాదే!" అని అరిచాడాయన, వెనక్కి తిరక్కుండా.

నడుం లోతుకు వెళ్లి, కొట్టేసిన మొద్దు పక్కన గుంజ పాతాడు. బురద మెత్తన. చెయ్యి తియ్యగానే గుంజ పక్కకు ఒరిగింది. మళ్లీ పాతాడు, మళ్లీ ఒరిగింది. టీచరమ్మ ఇంక ఆగలేదు. రెండో గుంజ తనే పెరికి, తాడు మెడలో వేసుకుని దిగిపోయింది. ఇద్దరూ కలిసి రెండూ అడ్డంగా కట్టి నిలబెట్టారు. నిలబడ్డట్టే నిలబడి, మొగుడూ పెళ్లాల మధ్యనుంచి జారి నీళ్లలో పడ్డాయి. ఆయన మొహం మీద బురద చిమ్మింది. తుడుచుకోలేదు. జీవితంలో చేతి మీద మరక ఉంచుకోని మనిషి!

"రెండు నిలవవే. ముక్కాలిపీటలా కట్టాలి. మూడోది కావాలి!" అని ఒడ్డుకేసి అరిచాడు. "ఒరేయ్ తమ్ముడూ, ఇంకో గుంజ పట్రా!"

మరిది షామియానా వంక చూశాడు. మిగిలిన రెండు గుంజల మీద గుడ్డ వేలాడుతోంది. దాని కిందే సబ్బుల కోడలు.

"అన్నయ్యా, అది మేడమ్ గారి నెత్తి మీదుంది!"

ఎవరూ కదల్లేదు. సబ్బుల కోడలు ఒకసారి ఆకాశం వంక చూసింది. ఇంకా తిరుగుతున్నవి ఉన్నాయి. కొన్ని విసిగి గోడౌన్ల మీదుగా వెళ్లిపోతున్నాయి. ఆవిడ లేచింది. చెప్పులు విప్పి, మడత నలగని ఆ తెల్ల చేతులతో తన పక్కనున్న గుంజ పట్టుకుని ఊపింది. రాలేదు. పళ్లు బిగించి ఇంకోసారి లాగింది. గుంజ ఊడింది, షామియానా మొత్తం కూలి మరిది మీద పడింది. పటాలంలో ఎవడో నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. గుంజను ఈడ్చుకుంటూ వచ్చి, మోకాళ్ల దాకా బురదలోకి దిగి, టీచరమ్మ చేతికి అందించింది.

"తొందరగా కట్టండి. వెళ్లిపోతున్నాయి" అంది.

మూడు గుంజలూ పైన కలిపి, కింద ఎడంగా పాతి కట్టారు. ముడి చీపురు సార్ వేశాడు. ఊపి చూస్తే కదల్లేదు. ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒడ్డెక్కి, సున్నం కొట్టిన రాళ్ల మీదే బురద కాళ్లతో కూలబడ్డారు. షామియానాలోంచి బయటపడ్డ మరిది ఏదో అనబోతే పటాలం నోరు మూయించింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. వెలుతురు తగ్గుతోంది. తిరుగుతున్న కొంగలు పలచబడ్డాయి. టీచరమ్మ గుప్పిట బిగించుకుని కూర్చుంది. ఇవాళ రాకపోతే రేపు, రేపు రాకపోతే ఎల్లుండి, ఈ నెలాఖరు దాకా ఇక్కడే కూర్చుంటానని, ఈవిడ ఇవ్వకపోతే ఇంకో గుమ్మం ఎక్కుతానని మనసులో గట్టిగా అనుకుంది.

అప్పుడు ఒకటి కిందకు దిగింది. గుంజల కొనల మీద కాళ్లు ఆనించింది, జారింది, రెక్కలు టపటపలాడించింది, పట్టు దొరకబుచ్చుకుంది. మెడ ముడుచుకుని అటూ ఇటూ చూసింది. దాని పక్కన ఇంకోటి వచ్చి ఇరుక్కుంది. మొదటిది కసురుకుని కాస్త జరిగింది.

సబ్బుల కోడలు చాలాసేపు వాటినే చూసింది.

"అయితే ఆర్చి లేదన్నమాట" అంది చివరికి.

"లేదండీ" అంది టీచరమ్మ.

"బెంచీలు?"

"అవీ లేవు."

ఆవిడ తన కాళ్ల వంక, కాళ్లకు ఎండుతున్న బురద వంక చూసుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, కార్లో మాట్లాడినంత స్పష్టంగా, అంత గట్టిగానూ అడిగింది.

"నేల రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందామన్నారు?"

జవాబు చీపురు సార్ ఇచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా బురదై, గుంజల మీదనుంచి చూపు తిప్పకుండా, వేలు పెదాల మీద పెట్టుకుని అన్నాడు:

"ష్... మెల్లగా అమ్మా. ఇప్పుడిప్పుడే పడుకుంటున్నాయి."